ఒక టగ్‌బోటు, రెండు పేర్లు, యాభై ఏళ్ల చాకిరీ

పాత ఓడల చరిత్ర వెతికేవాళ్లకు తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఓడ ఒక్కటే అయినా, కాగితాల్లో నాలుగైదు ఓడల్లా కనిపిస్తుంది. అమెరికా నౌకాదళం రికార్డుల్లో ‘జూని’ అనే టగ్‌బోటు ఉంది. 1944లో పసిఫిక్ సముద్రంలో టార్పెడో దెబ్బలు తిన్న క్రూయిజర్లనే పెద్ద యుద్ధనౌకలను లాక్కొచ్చిన ఓడ అది. అమెరికాలో లా చదివే విద్యార్థులకు 1963లో ఓడలు బాగుచేసే డ్రైడాక్‌లో ఒరిగిపోయిన ‘టమరోవా’ అనే ఓడ కేసు పాఠంగా ఉంటుంది. 1991 అక్టోబరు చివర్లో అట్లాంటిక్‌లో వచ్చిన పెను తుపానులో, సముద్రంలో పడిన హెలికాప్టర్ సిబ్బందిని పైకి తీసిన కోస్ట్‌గార్డ్ ఓడ ఒకటి వార్తల్లోకెక్కింది. న్యూజెర్సీ, డెలావేర్ తీరాలకు దూరంగా, దాదాపు 120 అడుగుల లోతున, డైవర్లు దిగి చూసొచ్చే ఇనుప ఓడ ఒకటుంది. ఈ నాలుగూ ఒకటే. పేరు మారింది, నంబరు మూడుసార్లు మారింది, యజమాని మారాడు, సముద్రం మారింది. ఇంజన్ గది, పొట్ట, వెనక డెక్కు మాత్రం అవే.

టగ్ అంటే విశాఖ హార్బరు చూసినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. తమకంటే ఎన్నో రెట్లు పెద్దవైన ఓడలను నెట్టుకుంటూ, లాక్కుంటూ బెర్తుకు చేర్చే పొట్టి, బలిష్ఠమైన పడవలు అవి. జూనిదీ అదే వృత్తి. కాకపోతే ఇది రేవులో తిరిగే రకం కాదు. నౌకాదళం వెంట మహాసముద్రాలు దాటి వెళ్లి, నడిసముద్రంలో చతికిలబడ్డ ఓడను వెనక్కి తీసుకురావాల్సిన రకం. అందుకే 205 అడుగుల పొడవు, 38 అడుగులకు కాస్త పైగా వెడల్పు, నిండు బరువు 1,675 టన్నులు. ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో, కమర్షియల్ ఐరన్ వర్క్స్ అనే యార్డులో 1943 మార్చిలో కట్టడం మొదలుపెట్టి జూలై 31న నీళ్లలోకి దించారు. అక్టోబరు 9 నాటికి నౌకాదళంలో చేర్చేశారు. అంతా ఏడు నెలల పని. అంత హడావుడిగా కట్టిన ఓడ యాభై ఏళ్లు నడుస్తుందని ఆ యార్డులో ఎవరూ అనుకుని ఉండరు.

ముందు నంబర్ల చిక్కు విప్పుకుంటే మిగతా దారి సులువవుతుంది. పుట్టినప్పుడు ఈ ఓడ ఏటీ-95. 1944 మే నెలలో మహాసముద్రపు టగ్గులన్నిటినీ వేరే తరగతిగా చేసి ఒక అక్షరం కలిపారు, దాంతో ఏటీఎఫ్-95 అయింది. 1946 జూన్ 29న నౌకాదళం దీన్ని కోస్ట్‌గార్డ్‌కు అప్పగించింది. కోస్ట్‌గార్డ్ ఓడలన్నిటికీ ముందు ‘డబ్ల్యూ’ ఉంటుంది, కాబట్టి డబ్ల్యూఏటీ-166. ఆ తర్వాత టగ్ అనే వర్గం నుంచే తప్పించి, మధ్యస్థ దూరాలు తిరిగే గస్తీ ఓడల జాబితాలో వేసి డబ్ల్యూఎంఈసీ-166 అన్నారు. మధ్యలో పేరు కూడా పోయింది. ఈ తరహా టగ్గులకు నౌకాదళం అమెరికా ఆదివాసీ తెగల పేర్లు పెట్టేది. జూనీలు న్యూమెక్సికో ప్రాంతపు తెగ. కోస్ట్‌గార్డ్ దీనికి ఇల్లినాయ్ తెగల సమాఖ్యకు చెందిన టమరోవా తెగ పేరు పెట్టింది. ఇదే బాపతు టగ్ ‘చెరోకీ’ కోస్ట్‌గార్డ్‌లోకి వచ్చినా పాత పేరుతోనే ఉండిపోయింది కాబట్టి, పేరు మార్చి తీరాలన్న నియమమేమీ లేదు. పేరును పట్టుకుని వెతికితే జూని కథ 1946లో ఆగిపోతుంది, టమరోవా కథ ఎక్కడినుంచో ఊడిపడినట్టు మొదలవుతుంది. వెతకాల్సింది కట్టిన యార్డును, నీళ్లలోకి దించిన తేదీని. అవి మారవు.

ఇక పని సంగతి. 3,000 హార్స్‌పవర్ ఉన్న చిన్న ఓడ పద్నాలుగు వేల టన్నుల క్రూయిజర్‌ను ఎలా లాగుతుంది? నేల మీద బరువు లాగడానికీ నీటి మీద లాగడానికీ ఉన్న తేడాలోనే జవాబుంది. తేలుతున్న వస్తువుకు అడ్డం పడేది దాని బరువు కాదు, నీటి నిరోధం. ఆ నిరోధం వేగం రెట్టింపైతే సుమారు నాలుగింతలవుతుంది. అంటే వేగం బాగా తగ్గించుకుంటే, నాలుగైదు నాట్ల దగ్గర, అంటే గంటకు ఏడు నుంచి తొమ్మిది కిలోమీటర్ల దగ్గర, పెద్ద ఓడ కూడా ఆశ్చర్యపోయేంత తేలిగ్గా కదులుతుంది. ఓపిక ఉంటే చాలు. ఆ ఓపికకు తగ్గ ఇంజన్ కావాలి.

జూనిలో నాలుగు డీజిల్ ఇంజన్లు ఉండేవి. అవి నేరుగా ప్రొపెల్లర్‌ను తిప్పవు. జనరేటర్లను తిప్పుతాయి, ఆ కరెంటుతో మోటార్లు తిరిగి, ఒకే ఒక్క పెద్ద ప్రొపెల్లర్‌ను తిప్పుతాయి. ఇది చుట్టుదారిలా కనిపిస్తుంది కాని, టగ్‌కు ఇదే సరైన దారి. డీజిల్ ఇంజన్‌కు బాగా నెమ్మదిగా తిరగడం ఇష్టం ఉండదు. ఎలక్ట్రిక్ మోటారు మాత్రం దాదాపు నిలబడిపోయిన స్థితిలో కూడా పూర్తి బలంతో తిప్పగలదు. పైగా ఒక ఇంజన్ పాడైతే దాన్ని ఆపి, విప్పి, బాగుచేసుకుంటూ మిగతా మూడింటితో ప్రయాణం సాగించవచ్చు. తుపానులో, నడిసముద్రంలో, వెనక మరో ఓడ వేలాడుతుండగా ఈ వెసులుబాటు విలువ ఏమిటో ఊహించుకోవచ్చు. ఈ ఓడ అన్నేళ్లు బతకడానికి నేను మొదట చెప్పే కారణం ఈ ఇంజన్ గదే.

లాగే పనిలో రెండో ముఖ్యమైన వస్తువు మోకు. టగ్‌కూ వెనక ఓడకూ మధ్య ఉండేది ఉక్కు తీగల మోకు, వందల మీటర్ల పొడవు. దాన్ని బిగుతుగా పట్టి లాగకూడదు. బురదలో దిగబడ్డ బండిని ఎడ్లు ఒక్కసారిగా గుంజితే పలుపు తెగినట్టే, అల మీద ఒక ఓడ పైకి లేచి మరొకటి కిందికి జారినప్పుడు బిగుసుకున్న మోకు పుటుక్కున తెగిపోతుంది. తెగిన కొస డెక్కు మీద అడ్డొచ్చినవాళ్లను నరికేస్తుంది. అందుకని మోకును చాలా పొడవుగా వదులుతారు. దాని బరువుకే అది నీళ్లలో లోతుగా వంగి వేలాడుతుంది. కుదుపు వచ్చినప్పుడు ముందు ఆ వంపు సాగుతుంది, ఆ లోపు కుదుపు అయిపోతుంది. మోకు కట్టే చోటు కూడా ఓడ చివర కాదు, నడుముకు దగ్గరగా ఉంటుంది. చివర కట్టేస్తే టగ్ తోక బిగుసుకుపోయి ఎటూ తిరగలేదు. నడుముకు కట్టడంలోనూ ప్రమాదం లేకపోలేదు. లాగుతున్న ఓడ పక్కకు జరిగి మోకు అడ్డంగా బిగిస్తే టగ్ బోల్తా పడుతుంది, అదీ క్షణాల్లో. టగ్ సరంగులు తుపాను కంటే దీనికే ఎక్కువ భయపడతారు.

1944 అక్టోబరులో ఫార్మోసా, అంటే నేటి తైవాన్, దగ్గర జపాన్ విమానాలు రెండు అమెరికా క్రూయిజర్లను టార్పెడోలతో కొట్టాయి: 13న కాన్‌బెరా, 14న హ్యూస్టన్. శత్రు తీరానికి అంత దగ్గరలో కదల్లేని ఓడలను ముంచేసి పోవడమే మామూలు లెక్క. అక్కడి అమెరికా నౌకాబలగాన్ని నడుపుతున్న అడ్మిరల్ హాల్సీ వాటిని లాక్కుపొమ్మన్నాడు. నాలుగైదు నాట్ల వేగంతో పాకుతున్న ఆ ఊరేగింపు మీద 16న మళ్లీ దాడి జరిగి హ్యూస్టన్‌కు రెండో టార్పెడో తగిలింది. వేల టన్నుల నీరు మింగిన ఆ క్రూయిజర్ చివరికి కెరొలైన్ దీవుల్లోని ఉలితి స్థావరానికి చేరింది. దాన్ని అక్కడికి చేర్చిన టగ్గుల్లో జూని ఒకటి. నెల తిరక్కుండానే, నవంబరు 3 రాత్రి, ఫిలిప్పీన్స్‌కు తూర్పున రీనో అనే మరో క్రూయిజర్‌ను జపాన్ జలాంతర్గామి కొట్టింది. నీళ్లు మింగి కుంగిపోయిన రీనోను జూని దాదాపు 1,500 మైళ్లు లాగి ఉలితికే తెచ్చింది.

1,500 మైళ్లంటే అంకె తేలిగ్గానే ఉంటుంది. దాన్ని గంటకు నాలుగైదు మైళ్లతో భాగించి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. రోజుల తరబడి, రాత్రింబగళ్లు, జలాంతర్గాములు తిరిగే నీళ్లలో, తప్పించుకోవడానికి పక్కకు మళ్లే వీలు కూడా లేకుండా సాగిన ప్రయాణం అది. యుద్ధ చరిత్రల్లో క్రూయిజర్ల పేర్లు మిగిలాయి. లాగినవాళ్లకు ఒకటో రెండో వాక్యాలు. నాకు ఇది ఎప్పుడూ అన్యాయంగానే తోస్తుంది.

జపాన్ దీవి ఇవో జీమాలో జూనికి అదృష్టం కలిసిరాలేదు. 1945 ఫిబ్రవరి నుంచి నెలకు పైగా ఆ దీవి దగ్గర ఇసుకలో కూరుకున్న ఓడలను లాగే పని చేసింది. మార్చి 23న ఒడ్డుకెక్కిన ఎల్‌ఎస్‌టీ-727 అనే ల్యాండింగ్ షిప్‌ను గుంజబోయి, అలల తాకిడికి తనే అడ్డం తిరిగి ఒడ్డుకు కొట్టుకుపోయింది. సిబ్బందిలో ఇద్దరు చనిపోయారు. అడుగు దెబ్బతింది, పక్క చిల్లిపడింది. దీన్ని కూడా మరొకరు లాక్కెళ్లాల్సి వచ్చింది. మరమ్మతు చేసి నిలబెట్టారు. యుద్ధం ముగిసేసరికి దీని ఖాతాలో, పోరాటాల్లో పాల్గొన్న ఓడలకు ఇచ్చే బ్యాటిల్ స్టార్లు నాలుగు ఉన్నాయి.

కోస్ట్‌గార్డ్‌లో చేరాక న్యూయార్క్ చుట్టుపక్కల సముద్రం దీని ఇలాకా అయింది. తర్వాతి దశాబ్దాల్లో ఎక్కువ భాగం పేర్లు మిగలని పని: చెడిపోయిన చేపల పడవలను రేవుకు లాగడం, గాలింపులు, చేపల వేట మీద నిఘా. 1956 జూలైలో ఇటలీ ప్రయాణికుల ఓడ ఆండ్రియా డోరియా, స్వీడన్ ఓడ స్టాక్‌హోమ్ అమెరికా తూర్పు తీరంలోని నాంటుకెట్ దీవి దగ్గర పొగమంచులో ఢీకొని 51 మంది చనిపోయినప్పుడు అక్కడికి వెళ్లిన కోస్ట్‌గార్డ్ ఓడల్లో టమరోవా కూడా ఉంది.

ఇప్పుడు డ్రైడాక్ కథ. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఓడ ప్రపంచానికి మిగిల్చిపోయిన వాటిలో అన్నిటికంటే ఎక్కువమంది చదివేది ఇదే.

1963 మార్చిలో టమరోవా బ్రూక్లిన్‌లోని గోవానస్ కాలువలో, ఒక ప్రైవేటు కంపెనీ తేలే డ్రైడాక్‌లో ఓవర్‌హాలింగ్‌కు ఉంది. తేలే డ్రైడాక్ అంటే పెద్ద ఇనుప తొట్టె. దాని గోడల్లో, అడుగున ట్యాంకులుంటాయి. ట్యాంకుల్లోకి నీళ్లు వదిలితే డాక్ మునుగుతుంది, ఓడ లోపలికి వస్తుంది. నీళ్లు తోడేస్తే డాక్ ఓడను ఎత్తుకుని పైకి తేలుతుంది. ఓడ కింద దిమ్మల మీద కూర్చుంటుంది. ఓడలోకి వెళ్లే దారి డాక్ గోడ మీదుగానే. మార్చి 14 రాత్రి ఓడకు చెందిన ఒక నావికుడు ఊళ్లో బాగా తాగి తిరిగొచ్చాడు. ఆ గోడ వెంట నడుస్తూ అక్కడున్న పెద్ద చక్రాల్లో మూడింటిని, ఒక్కొక్కదాన్ని ఇరవై చుట్ల దాకా తిప్పాడు. ఎందుకు తిప్పాడో ఎవరికీ అంతుపట్టలేదు. అవి ట్యాంకుల్లోకి నీళ్లు వదిలే వాల్వులు.

అర్ధరాత్రి దాటిన పదకొండు నిమిషాలకు అతను ఓడ ఎక్కాడు. వాల్వులేవో తిప్పానని ఒకరి దగ్గర గొణిగాడు, ఇంజన్ కాపలాలో ఉన్న ఇంకొకరి దగ్గరా అదే మాట. ఇద్దరూ పట్టించుకోలేదు. 12:20కి డాక్‌లోకి నీళ్లు రావడం ఎవరో చూశారు. 12:30కి ఓడ ఒరగడం మొదలై గంట కొట్టారు, అందరినీ దిగిపొమ్మన్నారు. ఇంకో పది నిమిషాలకు ఓడా డాకూ కలిసి 20 డిగ్రీలకు పైగా వాలాయి. మరో పది నిమిషాలకు ఓడ దిమ్మల మీది నుంచి జారి డాక్ గోడ మీద పడింది. డాక్ కొంత మునిగింది, ఓడా కొంత మునిగింది. ప్రాణనష్టం జరగలేదు.

డాక్ యజమాని కంపెనీ అమెరికా ప్రభుత్వం మీద దావా వేసింది. ఇరా ఎస్. బుషీ అండ్ సన్స్ వర్సెస్ యునైటెడ్ స్టేట్స్ అనే ఈ కేసులో 1968లో అప్పీలు కోర్టు తీర్పు రాసింది జడ్జి హెన్రీ ఫ్రెండ్లీ. ఉద్యోగి చేసిన నష్టానికి యజమాని ఎప్పుడు బాధ్యుడు అన్నది ప్రశ్న. మన లా కాలేజీల్లోనూ పరోక్ష బాధ్యత కింద చదివేది ఈ సూత్రాన్నే. యజమాని పని మీద ఉండగా, యజమానికి మేలు చేసే ఉద్దేశంతో చేసిన తప్పుకే యజమాని బాధ్యుడన్నది అప్పటిదాకా పాత వాదన. తాగి చక్రాలు తిప్పడంలో ప్రభుత్వానికి చేసిన సేవ ఏముంది? ప్రభుత్వం తరఫున అదే వాదించారు. ఫ్రెండ్లీ ఒప్పుకోలేదు. నావికులు సెలవు మీద ఊళ్లోకి వెళ్తారు, తాగుతారు, తిరిగి ఆ డాక్ మీదుగానే ఓడలోకి వస్తారు. ఓడ నడపడమనే వ్యవహారంలో ఇదంతా భాగమే, దానివల్ల వచ్చే నష్టం ఆ వ్యవహారం నడిపేవాళ్లే భరించాలి అన్నాడు. అతను తాగిన బారుకే నిప్పుపెట్టి ఉంటే మాత్రం ప్రభుత్వానికి సంబంధం ఉండేది కాదని గీత కూడా గీశాడు. ఆ గీత ఎక్కడ గీయాలన్న దాని మీద అమెరికా క్లాసుల్లో ఇప్పటికీ వాదనలు జరుగుతూనే ఉంటాయి. టమరోవాను మాత్రం పైకి తీసి, బాగుచేసి మళ్లీ సముద్రానికి పంపారు.

1991 అక్టోబరు 30 నాటికి ఓడ వయసు 48 ఏళ్లు. ఆ తుపానులో ముందు సాటొరి అనే 32 అడుగుల తెరచాప పడవలో చిక్కుకున్న ముగ్గురి కోసం వెళ్లింది. టమరోవా దించిన, గాలి నింపిన చిన్న పడవ ఆ అలల్లో దెబ్బతింది, చివరికి కోస్ట్‌గార్డ్ హెలికాప్టర్ వాళ్లను ఎత్తుకుంది. ఆ రాత్రే న్యూయార్క్ ఎయిర్ నేషనల్ గార్డ్ హెలికాప్టర్ ఒకటి వేరే గాలింపు నుంచి తిరిగొస్తూ, గాలిలోనే ఇంధనం నింపుకోవడం కుదరక సముద్రంలో దిగాల్సి వచ్చింది. అందులో ఐదుగురున్నారు. నీళ్లలో ఉన్నవాళ్లను వేరే హెలికాప్టర్‌తో తీయడం కుదరని స్థితి. మిగిలింది ఈ ముసలి టగ్.

అలాంటి సముద్రంలో మనిషిని తీయడానికి ఓడను మామూలుగా నడిపే పద్ధతి పనికిరాదు. ముందుకు వెళ్తే ఓడే మనిషిని తొక్కేస్తుంది. కమాండర్ లారెన్స్ బ్రుడ్నికీ ఓడను గాలివైపు నిలిపి, అలలకు అడ్డంగా తిప్పి, గాలికే కొట్టుకుంటూ వాళ్ల మీదికి చేరేలా వదిలాడు. అడ్డంగా తిరిగిన ఓడ దారుణంగా ఒరుగుతుంది. ఆ రాత్రి డెక్కు అంచు నీళ్లలోకి వెళ్లి వచ్చేంతగా ఒరిగింది. పక్కన సరుకుల వల వేలాడదీసి, దాన్ని పట్టుకున్నవాళ్లను డెక్కు మీది కలాసీలు చేతులతో లాగారు. నలుగురు దక్కారు. ఐదో మనిషి, ఆపదలో ఉన్నవాళ్లను కాపాడే శిక్షణ పొందిన ఒక పారారెస్క్యూ సైనికుడు, ఎంత గాలించినా దొరకలేదు. ఈ పనికి కొత్త ఓడలకంటే ఇది ఎందుకు సరిపోయిందంటే, దాని నిర్మాణం గురించే చెప్పాలి: వెడల్పైన నడుము, నీటికి దగ్గరగా ఉండే వెనక డెక్కు, నెమ్మదిగా కూడా పట్టు వదలని ప్రొపెల్లర్. క్రూయిజర్లు లాగడానికి పెట్టిన గుణాలివన్నీ.

1994 ఫిబ్రవరి 1న సేవ ముగిసింది. అప్పటికి హ్యూస్టన్‌ను తుక్కు చేసి ముప్పై ఏళ్లు దాటింది, రీనోదీ అంతే. యుద్ధ నౌకకు యుద్ధం లేకపోతే పని ఉండదు, పని లేని ఓడకు బడ్జెట్ ఉండదు. లాగే పని మాత్రం యుద్ధంతో పుట్టింది కాదు, యుద్ధంతో పోయేదీ కాదు.

రిటైరయ్యాక న్యూయార్క్‌లోని ఇంట్రెపిడ్ మ్యూజియం చేతికి వెళ్లింది. ఆ తర్వాత దీన్ని మళ్లీ నడిచే స్థితికి తేవాలని వర్జీనియాలో ఒక స్వచ్ఛంద సంస్థ ఏళ్ల తరబడి శ్రమించింది. అందులో పాత సిబ్బంది కూడా ఉన్నారు. వాళ్ల పట్టుదలలో లోపం లేదు. ఉప్పునీళ్లలో నిలబడ్డ ఉక్కును కాపాడాలంటే ఏటేటా డ్రైడాక్ కావాలి, రేకు మార్పిడి కావాలి, రోజూ పంపులు చూసుకునే మనిషి కావాలి. ఓడ సేవలో ఉన్నన్నాళ్లూ ఇవి జీతాలు తీసుకునే సిబ్బంది దినచర్యలో కలిసిపోయి, ఖర్చుగా కనబడవు. సేవ ఆగిన మర్నాడు నుంచే కనబడతాయి. అడుగు చిల్లి పడి నీళ్లు చేరాక ఇక నిలబెట్టలేకపోయారు. శుభ్రం చేసి, 2017 మే 10న పాత ఓడలను ముంచి చేపలకు నివాసంగా చేసిన డెల్-జెర్సీ-లాండ్ అనే కృత్రిమ దిబ్బ దగ్గర ముంచారు. 2011లో అక్కడే ముంచిన రాడ్‌ఫోర్డ్ అనే డెస్ట్రాయర్ తరహా యుద్ధనౌక ఇప్పుడు దీని పొరుగు.

ఆ కాలపు టగ్గులన్నిటికీ ఇదే గతి పట్టలేదు. పెర్ల్ హార్బర్ దాడి రోజున మంటలార్పిన హోగా, ఆ తర్వాత ఓక్‌లాండ్ రేవులో ఫైర్‌బోటుగా దశాబ్దాలు పనిచేసి, 2015లో ఆర్కన్సా నది మీద నార్త్ లిటిల్ రాక్‌కు చేరింది. నార్మండీ దాడిలో పాల్గొన్న సైన్యపు టగ్ ఎల్‌టీ-5 ఆంటేరియో సరస్సు ఒడ్డున ఓస్వేగోలో మ్యూజియంగా ఉంది. రెండూ జూనిలో సగం పొడవే, కాబట్టి ఖర్చు తక్కువ. అంతకంటే ముఖ్యం, రెండూ మంచినీళ్లలో ఉన్నాయి. మంచినీళ్లలో ఉక్కు తుప్పు పట్టే వేగమే వేరు. పెద్ద టగ్గులకు కూడా ఈ లెక్క వర్తిస్తుందనడానికి సాక్ష్యం అర్జెంటీనాలో ఉంది. జూనికి దాదాపు కవలలాంటి కహూయియా యుద్ధం తర్వాత అర్జెంటీనా నౌకాదళంలో చేరి, ఇరిగోయెన్ అనే పేరుతో 2009 దాకా పనిచేసింది. ఇప్పుడది పరానా నది ఒడ్డున సాన్ పెద్రో పట్టణంలో మ్యూజియం ఓడ. నడుముకు దగ్గరగా మోకు కట్టే చోటు, నీటికి దగ్గరగా వాలిన వెనక డెక్కు ఎలా ఉండేవో చూడాలనుకున్నవాళ్లు డైవింగ్ సూటు వేసుకోకుండానే అక్కడ చూడొచ్చు.